గుండెను చుట్టిన పొర: నొప్పి, నీరు, బిగుసుకుపోవడం

1760 అక్టోబరు 25 ఉదయం. లండన్‌లోని కెన్సింగ్టన్ రాజప్రాసాదంలో బ్రిటన్ రాజు రెండవ జార్జ్ ఎప్పటిలాగే నిద్రలేచాడు. ఒక కప్పు చాక్లెట్ పానీయం తాగి కాలకృత్యాలకు వెళ్లాడు. కాసేపటికి లోపల ఎవరో పడిపోయిన చప్పుడు వినిపించి సేవకుడు పరుగెత్తాడు. రాజు నేలమీద పడి ఉన్నాడు. వయసు 76. మర్నాడు రాజవైద్యుడు ఫ్రాంక్ నికోల్స్ శవపరీక్ష చేశాడు. గుండె చుట్టూ ఉన్న సంచి నిండా గడ్డకట్టిన రక్తం ఉంది. కొలిస్తే దాదాపు అర లీటరు. పెద్ద ధమని గోడ చీలిపోయింది, గుండె కుడి గదికి చిల్లు పడింది. ఆ రక్తం గుండెను నొక్కేయడంతో, సిరల నుంచి వచ్చే రక్తానికి లోపలికి దారి లేకుండా పోయిందని నికోల్స్ రాసిపెట్టాడు.

ఇప్పుడు ఇంకొక రోగిని ఊహించండి. థైరాయిడ్ బాగా తగ్గిపోయి, ఏళ్ల తరబడి మందు వేసుకోని మధ్యవయసు స్త్రీ. కొద్దిపాటి ఆయాసం, నీరసం. ఎక్స్‌రే తీస్తే గుండె నీడ ఛాతీలో సగం ఆక్రమించి ఉంటుంది. ఎకోలో చూస్తే గుండె చుట్టూ లీటరు నీరు. అయినా ఆమె నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చింది, బీపీ కూడా బాగానే ఉంది.

అర లీటరు ఒకరి ప్రాణం నిమిషాల్లో తీసింది. లీటరు ఇంకొకరికి ఆయాసంతో సరిపెట్టింది. తేడా అంతా వేగంలో ఉంది. గుండె పొర నెమ్మదిగా సాగగలదు కానీ, ఒక్కసారిగా సాగలేదు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క లక్షణం చుట్టూనే తిరుగుతుంది. దానితో పాటు ఇంకొక మాట కూడా మొదటే చెప్పాలి: గుండె పొర జబ్బుల్లో చాలావాటికి ఈరోజు మంచి వైద్యం ఉంది. ఎక్కువ నష్టం జరిగేది వీటిని వేరే జబ్బుగా పొరబడినప్పుడే.

పొర కథ

గుండెను చుట్టి ఉన్న ఈ సంచిని డాక్టర్లు పెరికార్డియం అంటారు. పాఠ్యపుస్తకాల్లో హృదయావరణం అని చదువుకుని ఉంటాం. దీని బయటి పొర నారతో నేసినట్టుగా గట్టిగా ఉంటుంది. ముందువైపు రొమ్ము ఎముకకు, కిందివైపు పొట్టనూ ఛాతీనీ వేరుచేసే కండరానికి అతుక్కుని, గుండెను ఉన్నచోటు నుంచి జరగకుండా పట్టి ఉంచుతుంది. లోపలి పొర పల్చనిది, గుండె కండరాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. రెండింటి మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. రోజుకు లక్షసార్లు కొట్టుకునే గుండెకు రాపిడి తగలకుండా కాపాడేది ఈ కొద్దిపాటి తడే. ఊపిరితిత్తుల్లో చీము పడితే అది వెంటనే గుండెకు పాకకుండా అడ్డుపడేది కూడా ఈ పొరే.

ఇది లేకపోయినా మనిషి బతకగలడు. పుట్టుకతోనే ఇది లేనివాళ్లు అరుదుగా ఉన్నారు. ఆపరేషన్ చేసి దీన్ని తీసేయించుకున్నవాళ్లు మామూలు జీవితం గడుపుతున్నారు. పశువుల గుండె పొర ఇప్పుడు మనుషులకు పనికొస్తోంది. కృత్రిమ గుండె కవాటాల్లో చాలావాటి రెక్కలను ఆవు లేదా పంది పెరికార్డియంతోనే తయారుచేస్తారు.

పొరకు రెండు పక్కల నుంచీ ఒక్కో నరం కిందికి దిగుతుంది. ఊపిరి తీసే కండరాన్ని నడిపించే ఫ్రెనిక్ నరాలు ఇవి. మెడలో పుట్టి ఛాతీలోకి వస్తాయి. అందుకే గుండె పొర వాచినప్పుడు నొప్పి ఒక్కోసారి ఎడమ భుజం మీద, మెడకూ భుజానికీ నడుమ ఉండే కండరంలో తెలుస్తుంది. ఆ చోట నొప్పి అని రోగి చేత్తో చూపిస్తే, అనుభవమున్న డాక్టరు ఆలోచన వెంటనే పెరికార్డియం మీదికి వెళుతుంది.

పడుకుంటే పెరిగే నొప్పి

పొర వాపును పెరికార్డైటిస్ అంటారు. చాలాసార్లు వారం పది రోజుల ముందు జలుబో జ్వరమో విరేచనాలో వచ్చి ఉంటాయి. తర్వాత ఒకరోజు ఛాతీ మధ్యలో పొడిచినట్టు నొప్పి మొదలవుతుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే, దగ్గితే, వెల్లకిలా పడుకుంటే నొప్పి పెరుగుతుంది. లేచి కూర్చుని ముందుకు వంగితే తగ్గుతుంది. రాత్రి రెండు గంటలప్పుడు మంచం మీద కూర్చుని, ఒడిలో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి నిద్రకు తూగుతున్న మనిషిని చూస్తే, సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోయినట్టు.

గుండెపోటు నొప్పి తీరు వేరు. ఛాతీ మీద బరువు పెట్టి నొక్కినట్టు ఉంటుంది, ఎడమ చేతికో దవడకో పాకుతుంది, చెమటలు పడతాయి. లేచినా పడుకున్నా పెద్దగా మారదు. చెప్పుకోవడానికి తేడా ఇంత స్పష్టంగా ఉన్నా, ఇంట్లో కూర్చుని దీన్ని తేల్చుకోకూడదు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు గుండెపోటు రకరకాల రూపాల్లో వస్తుంది. ఛాతీ నొప్పి ఏదైనా సరే, మొదటి గంటలోనే ఈసీజీ తీయించుకోవాలి. గ్యాస్ నొప్పి అని మాత్ర మింగి పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఈసీజీ చూసే డాక్టరుకూ ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. గుండెపోటులో ఎస్‌టీ అనే గీత, రక్తం అందని భాగానికి సంబంధించిన లీడ్లలోనే పైకి లేస్తుంది, ఎదురుగా ఉన్న లీడ్లలో కిందికి దిగుతుంది. పెరికార్డైటిస్‌లో దాదాపు అన్ని లీడ్లలోనూ ఆ గీత లేస్తుంది, దానికి ముందున్న పీఆర్ భాగం దిగుతుంది. హడావుడిలో దీన్ని గుండెపోటు అనుకుని, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, వాచిన పొరలోకే రక్తం కారే ప్రమాదం ఉంది. ఒక ఎకో పరీక్ష, ఇంకొకసారి ఈసీజీ, రోగిని లేపి కూర్చోబెట్టి అడిగే ఒక ప్రశ్న ఈ పొరపాటును ఆపుతాయి.

ఇంకొక ఆనవాలు స్టెతస్కోపులో దొరుకుతుంది. స్టెతస్కోపును కనిపెట్టిన లానెక్ శిష్యుడు విక్టర్ కొలాన్ 1824లో దాన్ని మొదటిసారి వర్ణించాడు. వాచి గరుకెక్కిన రెండు పొరలూ రాసుకుంటుంటే కొత్త తోలు చెప్పులు కిర్రుమన్నట్టు శబ్దం వస్తుంది. రోగిని ముందుకు వంచి, ఊపిరి బయటకు వదిలేసి ఆపమని చెప్పి, రొమ్ము ఎముక ఎడమ అంచున స్టెతస్కోపు గట్టిగా ఆనిస్తే ఇది బాగా వినిపిస్తుంది. పొద్దున వినిపించి సాయంత్రానికి మాయమవచ్చు. అందుకే ఒకటికి రెండుసార్లు వినాలి. నొప్పి తీరు, ఈ కిర్రు శబ్దం, ఈసీజీ మార్పులు, కొత్తగా చేరిన నీరు అనే నాలుగింటిలో ఏ రెండు ఉన్నా పెరికార్డైటిస్ అని నిర్ధారిస్తారు. రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ పెరిగి ఉంటే ఆ నిర్ధారణకు బలం వస్తుంది. ట్రోపోనిన్ కూడా పెరిగితే గుండె కండరం కూడా వాచిందని అర్థం. అప్పుడు రోగిని ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని ఉండాలి.

వైరస్ వల్ల వచ్చే పెరికార్డైటిస్ చాలామందిలో వారాల్లోనే తగ్గిపోతుంది. ఆస్పిరిన్ గాని ఐబుప్రొఫెన్ గాని వాపు తగ్గించే మోతాదులో, కడుపులో పుండు పడకుండా కాచే మందుతో కలిపి ఒకటి రెండు వారాలు ఇస్తారు. దానికి తోడు కాల్చిసిన్ అనే పాత మందును మూడు నెలలు వాడతారు. ఇటలీకి చెందిన మాసిమో ఇమాజియో బృందం 240 మంది రోగులపై చేసిన పరీక్షల ఫలితాలు 2013లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 37.5 శాతం మందికి జబ్బు తగ్గకపోవడమో తిరగబెట్టడమో జరిగితే, కాల్చిసిన్ వేసుకున్నవారిలో అది 16.7 శాతానికి పడిపోయింది. గౌట్ అనే కీళ్లవాతానికి వందల ఏళ్లుగా వాడుతున్న మందుకు ఇలా కొత్త పని దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. కాల్చిసిన్ మన అడవుల్లో, కంచెల మీద పాకే అడవినాభి తీగ దుంపల్లోనూ ఉంటుంది. ఎర్రగా, పసుపుగా అగ్నిజ్వాలల్లా పూసే ఈ తీగను అగ్నిశిఖ అని కూడా పిలుస్తారు. ఆ దుంప తిని చనిపోయినవారున్నారు. మందుకూ విషానికీ మధ్య ఉన్నది మిల్లీగ్రాముల తేడా. డాక్టరు రాసిన అర మిల్లీగ్రాము మాత్ర వైద్యమవుతుంది, నాటు దుంప ప్రాణం తీస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఆ మాత్ర మోతాదును కూడా తగ్గించాల్సి ఉంటుంది.

స్టెరాయిడ్లు వేస్తే ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి మాయమవుతుంది. అందుకే వాటి మీద ఆశ ఎక్కువ. కానీ మొదటి విడతలోనే ఎక్కువ మోతాదులో వాడినవారిలో జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. మిగతా మందులు పనికిరాని చోట, తక్కువ మోతాదులో మొదలుపెట్టి చాలా నెమ్మదిగా తగ్గించుకుంటూ పోవాలి. నొప్పి పోయి సీఆర్‌పీ మామూలుకు వచ్చేదాకా జిమ్ము, పరుగు, బరువులు మోసే పని మానాలి. నొప్పి తగ్గిందని వారానికే మందులు ఆపేసినవాళ్లే ఎక్కువగా రెండోసారి ఆసుపత్రికి వస్తుంటారు.

నీరు గుండెను నొక్కినప్పుడు

పొరల మధ్య నీరు చేరడానికి కారణాలు అనేకం. వాపు, క్షయ, క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం, థైరాయిడ్ లోపం, లూపస్ వంటి జబ్బులు, ఛాతీకి తగిలిన దెబ్బ. నీరు ఎంత చేరిందని రోగి బంధువులు అడుగుతారు. ఎంత త్వరగా చేరిందని డాక్టరు ఆలోచిస్తాడు. కత్తిపోటుతోనో ధమని చీలికతోనో గబుక్కున 150, 200 మిల్లీలీటర్ల రక్తం చేరినా చాలు, పొర సాగలేక లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ నిండదు. నిండని గుండె బయటకు పంపడానికి రక్తం ఉండదు. ఇదే టాంపొనేడ్.

1935లో అమెరికన్ సర్జన్ క్లాడ్ బెక్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు. పడిపోతున్న బీపీ, ఉబ్బిన మెడ సిరలు, మందగించిన గుండె శబ్దం. రక్తం కారిపోయిన మనిషికి బీపీ పడిపోతే మెడ సిరలు అణిగిపోతాయి. ఇక్కడ బీపీ పడిపోతున్నా సిరలు ఉబ్బే ఉంటాయి. గుండెలోకి పోలేని రక్తం వెనక్కి నిలిచిపోవడమే కారణం.

నాలుగో గుర్తు పాత పద్ధతి బీపీ పట్టీతోనే దొరుకుతుంది. 1873లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ గమనించి వర్ణించినది ఇదే. ఊపిరి లోపలికి తీసినప్పుడు గుండె కుడి భాగంలోకి ఎక్కువ రక్తం వస్తుంది. బయట చోటు లేదు కాబట్టి, రెండు గదుల మధ్య గోడ ఎడమవైపుకు జరుగుతుంది. ఎడమ గది నిండేది తగ్గుతుంది, నాడి బలహీనమవుతుంది. దీన్ని కొలిచే తీరు చూడండి. పట్టీ బిగించి, గాలి నింపి, చాలా నెమ్మదిగా వదలాలి. మొదట చప్పుడు ఊపిరి బయటకు వదిలేటప్పుడే వినిపిస్తుంది. ఆ అంకె రాసుకోవాలి. ఇంకా వదులుతూ పోతే, ఒకచోట నుంచి ఊపిరితో సంబంధం లేకుండా ప్రతి చప్పుడూ వినిపిస్తుంది. ఆ అంకె కూడా రాసుకోవాలి. రెండింటి మధ్య తేడా 10 దాటితే ప్రమాదం. ఖరీదైన యంత్రం లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా రెండు నిమిషాల్లో చేయగలిగిన పరీక్ష ఇది.

తర్వాత ఎకో. అల్ట్రాసౌండుతో గుండె చుట్టూ ఉన్న నీటిని పట్టుకోవచ్చని హార్వే ఫైగెన్‌బామ్ 1965లో చూపించాడు. ఎకో పరీక్షను డాక్టర్లంతా అక్కున చేర్చుకోవడానికి ఈ ఉపయోగమే పెద్ద కారణం. ఇప్పుడు చేతిలో పట్టే యంత్రంలోనే నీరు కనిపిస్తుంది, గుండె కుడి గదులు లోపలికి కుంగిపోవడం కనిపిస్తుంది.

చికిత్స ఒకటే, నీరు తీయడం. రోగిని వాల్చి కూర్చోబెట్టి, రొమ్ము ఎముక కింది కొన దగ్గరో, ఎకోలో నీరు బాగా కనిపించిన చోటో మత్తు సూది ఇచ్చి, పొడవాటి సూదిని పొరలోకి పంపుతారు. దాని వెంట మెత్తని గొట్టాన్ని వేసి నీటిని బయటకు తీస్తారు. మొదటి సిరంజి రెండో సిరంజి నిండేసరికే బీపీ లేవడం మానిటరు మీద కనిపిస్తుంది. అప్పటిదాకా ఆయాసంతో కూర్చోలేకపోయిన రోగి మాట్లాడటం మొదలుపెడతాడు. తీసిన నీటిని పారబోయకూడదు. క్షయ, క్యాన్సర్ కణాలు, సూక్ష్మజీవుల పరీక్షలకు పంపాలి. ధమని చీలి రక్తం చేరితే మాత్రం సూదితో సరిపోదు, వెంటనే ఆపరేషన్ చేయాలి.

ఒళ్లు వాచింది, ఆయాసంగా ఉందని చూసి, నీరు పోయే ఇంజెక్షన్ ఇవ్వడం ఇక్కడ పెద్ద పొరపాటు. గుండె నిండడానికి ఉన్న కొద్దిపాటి ఒత్తిడిని కూడా ఆ మందు తీసేస్తుంది. టాంపొనేడ్ అనుమానం ఉన్న రోగిని ఎకో, సూది చేయగల ఆసుపత్రికి ఆలస్యం లేకుండా పంపించాలి.

కడుపు వాపు వెనక గుండె

మూడో రూపం అన్నిటికన్నా మోసపుచ్చేది. పొర వాచి మానిన చోట మందంగా మచ్చకట్టి, ఒక్కోసారి కాల్షియం కూడా పేరుకుని బిగుసుకుపోతుంది. గుండె కండరం బాగానే ఉంటుంది, విప్పారే చోటే ఉండదు. రక్తం వెనక్కి నిలిచిపోయి కాలేయం వాస్తుంది, కడుపులో నీరు చేరుతుంది, తర్వాత కాళ్లు పొంగుతాయి. రోగి కడుపు డాక్టరు దగ్గరికి వెళతాడు. స్కానింగులో కాలేయం పెద్దదైంది, నీరుంది అని వస్తుంది. లివర్ చెడిందంటారు. కడుపులో నీరు తీయించుకుంటూ, పసరు మందులు మింగుతూ, పథ్యం పాటిస్తూ ఏళ్లు గడిపేవాళ్లు ఉంటారు. మద్యం ముట్టని మనిషిని కూడా తాగుబోతని అనుమానిస్తారు. ప్రాగ్ వైద్యుడు ఫ్రీడెల్ పిక్ 1896లోనే ఈ పొరపాటు గురించి రాశాడు.

దీన్ని పట్టుకునే తాళంచెవి మెడలో ఉంది. రోగిని మంచం మీద సగం వాల్చి పడుకోబెట్టి, తలను కొంచెం పక్కకు తిప్పి, మంచి వెలుతురులో మెడ సిరను చూడాలి. కాలేయ జబ్బు వల్ల కడుపు ఉబ్బిన మనిషికి ఆ సిర మామూలుగా పెద్దగా ఉబ్బదు. పొర బిగుసుకుపోయినవారికి దవడ దాకా ఉబ్బి కనిపిస్తుంది. మామూలుగా ఊపిరి తీసినప్పుడు తగ్గాల్సిన ఉబ్బు వీళ్లలో ఇంకా పెరుగుతుంది. దీనికీ కుస్‌మౌల్ పేరే ఉంది. జలోదరంతో వచ్చిన ప్రతి రోగికీ ఈ ఒక్క నిమిషం కేటాయించాలి. తర్వాత ఎకో, సీటీ, అవసరమైతే గుండె గదుల్లో ఒత్తిళ్లను కొలిచే పరీక్ష.

వాపు ఇంకా తాజాగా ఉన్న దశలో, కొందరికి మందులతోనే పొర మెత్తబడుతుంది. మచ్చగట్టిపోయాక మార్గం పొరను కోసి తీసేయడం. 1913లో జర్మనీలో ఈ ఆపరేషన్లకు బాట వేశారు. సర్జన్లు గుండె కొట్టుకుంటూ ఉండగానే, పక్కనున్న ఫ్రెనిక్ నరాలు తెగకుండా, ఆ పొరను తునకలు తునకలుగా ఒలిచి తీస్తారు. ఆలస్యమైనకొద్దీ గుండె కండరం క్షీణిస్తుంది, కాలేయం నిజంగానే చెడుతుంది, ఆపరేషన్‌లో ప్రమాదం పెరుగుతుంది. అందుకే మెడ చూసే ఆ నిమిషానికి అంత విలువ.

మూలం వెతకాలి

పాశ్చాత్య దేశాల్లో పెరికార్డైటిస్‌కు వైరస్ ముఖ్య కారణం. మన దగ్గర క్షయను ఎప్పుడూ మరవకూడదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, తగ్గుతున్న బరువు, దాంతోపాటు గుండె చుట్టూ నీరు ఉంటే ముందు క్షయనే అనుమానించాలి. నీటిలో ఏడీఏ అనే ఎంజైము 40 దాటితే అనుమానం బలపడుతుంది. జన్యు పరీక్షలో క్రిమి దొరికితే తేలిపోతుంది. ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, చికిత్స కాలంలో నెలకు 1000 రూపాయల పోషకాహార సాయం కూడా అందుతుంది. దక్షిణాఫ్రికా వైద్యుడు బొంగాని మయోసి నడిపించిన పెద్ద పరిశోధన 1400 మంది రోగులతో జరిగి 2014లో వెలువడింది. క్షయ మందులకు స్టెరాయిడ్లు కలిపితే మరణాలు తగ్గలేదు. పొర బిగుసుకుపోవడం మాత్రం తగ్గింది. హెచ్ఐవీ ఉన్నవారిలో క్యాన్సర్లు పెరిగాయి. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఈ ఫలితాలను చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు.

రెండో మూలం కిడ్నీ. కిడ్నీలు పాడైనవారిలో గుండె పొర వాస్తుందని రిచర్డ్ బ్రైట్ 1836లోనే గుర్తించాడు. డయాలిసిస్ లేని ఆ రోజుల్లో అది చావు దగ్గరపడిందనడానికి గుర్తు. ఇప్పుడు డయాలిసిస్‌ను పెంచి చాలామందిని గట్టెక్కిస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో కుటుంబాలు కిడ్నీ జబ్బుతో బతుకుతున్నాయి. ఆ కుటుంబాలకు ఈ విషయం తప్పక తెలియాలి. దూరమనో ఖర్చనో డయాలిసిస్ తప్పించుకున్న రోగికి ఛాతీలో నొప్పి, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపిస్తే నీరసం అని సరిపెట్టుకోవద్దు. ఎకో తీయించాలి.

మూడోది క్యాన్సర్. ఊపిరితిత్తి, రొమ్ము, లింఫోమా క్యాన్సర్లు గుండె పొరకు పాకవచ్చు. తీసిన కొద్ది రోజులకే నీరు మళ్లీ చేరుతుంటే, పొరలో చిన్న కిటికీ కోసి శాశ్వతంగా దారి చేస్తారు.

ఈ అధ్యాయం నుంచి గుర్తుంచుకోవాల్సినవి నాలుగు. పడుకుంటే పెరిగి, ముందుకు వంగితే తగ్గే ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకోకండి. వాపులతో పాటు మెడ సిరలు ఉబ్బి ఉంటే, లివర్ డాక్టరు దగ్గరే ఆగిపోకుండా గుండె డాక్టరుకు చూపించండి. క్షయ, కిడ్నీ, క్యాన్సర్ రోగికి కొత్తగా ఆయాసం వస్తే ఎకో అడగండి. కళ్లు తిరిగి పడిపోవడం, చెమటలు, పెదాలు నీలిరంగు తిరగడం, పడిపోతున్న బీపీ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. సమయానికి గుర్తిస్తే ఈ జబ్బుల్లో ఎక్కువ భాగానికి మాత్రలతోనో ఒక సూదితోనో ఒక ఆపరేషన్‌తోనో మేలు జరుగుతుంది.